ప్రిలిమ్స్ పోయాక పుస్తకం తెరవబుద్ధి కాకపోతే

గ్రూప్స్ ఫలితాల పీడీఎఫ్‌లో హాల్‌టికెట్ నంబరు కనబడని రోజు కంటే, ఆ తర్వాతి నెల రోజులు ఎక్కువ నష్టం చేస్తాయి. ఫలితంతో పోయేది ఒక అటెంప్టు. ఆ తర్వాత కూర్చోలేక పోగొట్టుకునే రోజులు వచ్చే అటెంప్టును కూడా తినేస్తాయి. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి రీడింగ్ రూముల్లోనైనా, అవనిగడ్డ డీఎస్సీ హాస్టళ్లలోనైనా ఈ దశ ఒకేలా ఉంటుంది. రోజూ వెళ్తారు, సీట్లో కూర్చుంటారు, పుస్తకం తెరిచే ఉంటుంది, చేతిలో మాత్రం ఫోన్ ఉంటుంది. టీకని నాలుగుసార్లు లేస్తారు. సాయంత్రానికి పేజీ తిరగదు.

చుట్టూ ఉన్నవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. కొన్నాళ్లకు అభ్యర్థి కూడా అదే నమ్ముతాడు. బద్ధకమే అయితే హాయిగా ఉండాలి కదా. ఇక్కడ ఖాళీగా ఉన్న గంట కూడా గుచ్చుతూనే ఉంటుంది. జరుగుతున్నది వేరు. పుస్తకం చూడగానే ఫలితం గుర్తొస్తుంది, గుండె బరువెక్కుతుంది. పుస్తకం మూసి ఫోన్ తీస్తే ఒక నిమిషం ఊరట దొరుకుతుంది. ఆ ఊరటే అలవాటు నేర్పుతుంది: రేపు పుస్తకం తెరవడం ఇవాళ్టి కంటే కొంచెం కష్టమవుతుంది, ఎల్లుండి ఇంకొంచెం. అందుకే 'మూడ్ కుదిరాక మొదలుపెడతా' అని ఆగితే మూడ్ కుదరదు. పని ముందు నడవాలి, ఉత్సాహం వెనకాల వస్తుంది. డిప్రెషన్ చికిత్సలో వాడే బిహేవియరల్ యాక్టివేషన్ పద్ధతి ఈ వరస మీదే నిలబడింది. 1970ల్లో పీటర్ లెవిన్సన్ లాంటి మానసిక శాస్త్రవేత్తలు దానికి పునాది వేశారు. కింద చెప్పేదంతా ఆ వరసను గ్రూప్స్ ప్రిపరేషన్‌కు తగ్గట్టు మలచుకోవడమే.

మొదటి వారం

ఈ ఏడు రోజుల్లో చదవాల్సిన పని లేదు. చేయకూడని పనులు మాత్రం మూడున్నాయి: ప్రిపరేషన్ మానేస్తున్నానని ప్రకటించడం, కొత్త బ్యాచ్‌కు ఫీజు కట్టడం, కొత్త పుస్తకాలు కొనడం. మూడూ బాధలోంచి పుట్టే నిర్ణయాలు. కొత్త పుస్తకం కొన్న రోజు చదివేసినంత తృప్తి కలుగుతుంది, అదే దాంట్లో ఉన్న మోసం.

లేచే వేళ మార్చకండి. రాత్రి ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే టైముకు లేవాలి. పగలు పడుకుంటే అరగంట మించకూడదు. మెస్‌కు ఒక పూట ఎగ్గొట్టే అలవాటు ఇక్కడే మొదలవుతుంది. తినబుద్ధి కాకపోయినా వేళకు వెళ్లి కూర్చోండి, రెండు ముద్దలైనా సరే.

మూడు నాలుగు రోజులపాటు, రోజుకు 15 నుంచి 20 నిమిషాలు, జరిగినదాని గురించి మనసులో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాయండి. అక్షరదోషాలు, దస్తూరి పట్టించుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు, చింపేసినా ఫర్వాలేదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే మానసిక శాస్త్రవేత్త 1980ల్లో పరీక్షించిన పద్ధతి ఇది. నాలుగు రోజులయ్యాక ఆపేయాలి. ఆపకపోతే రాయడం కూడా తలపోతకు ఇంకో దారవుతుంది. రాస్తుంటే మరీ దిగులు కమ్ముకుంటే మధ్యలోనే వదిలేయండి.

ఇంటికి ఫోన్ చేయడం ఈ వారంలోనే అయిపోవాలి. వాయిదా వేసేకొద్దీ అమ్మానాన్నల నుంచి వచ్చే ప్రతి కాల్ ఒక పరీక్షలా తయారవుతుంది. కొంతమంది ఆ భయంతోనే పండక్కి కూడా ఊరెళ్లరు. మూడు సంగతులు చెబితే చాలు: ఏమైంది, ఎన్ని మార్కులు, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారు.

"నాన్నా, ప్రిలిమ్స్ పోయింది. 78 వచ్చినయ్. ఇప్పుడేం అడగకు, పదిహేను రోజులు పేపరంతా చూసుకుంటా. ఒకటో తారీఖున నేనే చేసి, ముందు ఏం చేస్తనో చెప్తా."

తారీఖు చెప్పడం ఇందులో ముఖ్యం. ఎప్పుడు తెలుస్తుందో చెబితే ఇంట్లోవాళ్లు రోజూ అడగరు. పెళ్లిళ్లలో ఎదురయ్యే బంధువులకు ఇంత అక్కర్లేదు. "రాలేదు చిన్నాన్నా, చదువుతున్నా" అనేసి వాళ్ల పిల్లల సంగతి అడిగితే మాట అటు మళ్లుతుంది.

దేన్ని చూసి తప్పుకుంటున్నారు?

'చదవలేకపోతున్నా' అనే మాట మరీ పెద్దది, దానితో చేయగలిగేది ఏమీ లేదు. నిజానికి తప్పించుకునేవి కొన్ని నిర్దిష్టమైన వస్తువులు, మనుషులు, చోట్లు. ఒక కాగితం మీద వాటిని రాసి, ఒక్కోదాని పక్కన 0 నుంచి 10 దాకా ఎంత బెరుకుగా ఉందో అంకె వేయండి. మామూలుగా వచ్చే జాబితా ఇలా ఉంటుంది: పరీక్షలో ఇచ్చిన ప్రశ్నపత్రం 9, సెలెక్టయిన రూమ్మేటుతో మాట్లాడడం 8, కీ చూసుకోవడం 7, పాత సీట్లో కూర్చోవడం 6, ఎకానమీ నోట్సు 5, రోజూ పేపర్ చదవడం 3.

3, 4 దగ్గర ఉన్నదానితో మొదలుపెట్టండి. తొమ్మిది దగ్గర మొదలుపెట్టి, పది నిమిషాల్లో లేచొచ్చి, 'నా వల్ల కాదు' అనుకోవడం చాలా తరచుగా జరుగుతుంది. కష్టమైనదాని మీద పడ్డ మొదటి రోజే వెనక్కి తిరిగితే బెరుకు తగ్గదు, పెరుగుతుంది. ఒక మెట్టు మీద కనీసం రెండు మూడు రోజులు వరసగా నిలబడి, అంకె సగానికి పడ్డాకే పై మెట్టు. పాత సీటే ఇబ్బంది పెడుతుంటే రెండు వారాలు వేరే వరసలో కూర్చోవడంలో తప్పేమీ లేదు.

సెలెక్టయిన స్నేహితుడికి ఒక మెసేజ్ పెట్టేయండి: "కంగ్రాట్స్ రా. కొన్నాళ్లాగి కలుద్దాం." ఆ తర్వాత అతని స్టేటస్‌లు మ్యూట్ చేసుకోవచ్చు. మొహం చాటేసి తిరగడం కంటే ఇది ఇద్దరికీ సులువు.

ప్రశ్నపత్రాన్ని విప్పడం

అసలు పని ఇక్కడుంది. మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఇది చేయకుండానే మొదటి చాప్టర్ నుంచి చదువుతారు. ఇంకో ఏడాది తర్వాత అవే తప్పులు చేస్తారు.

కావాల్సినవి: పరీక్ష బుక్‌లెట్, మీరు బబుల్ చేసిన సమాధానాలు (కమిషన్ ఓఎంఆర్ ఇమేజ్ ఇస్తే అది, లేకపోతే మీ దగ్గరున్న కాపీ), ఫైనల్ కీ, ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు. ప్రిలిమినరీ కీతో చేయొద్దు. అభ్యంతరాల తర్వాత కొన్ని జవాబులు మారతాయి, కొన్ని ప్రశ్నలు తొలగిస్తారు. ప్రిలిమినరీ కీతో కూర్చుంటే మీ దృష్టంతా 'ఈ ప్రశ్నకు మార్కు కలిస్తే కటాఫ్ దాటేవాణ్ణి' అనే లెక్క మీదికి పోతుంది. ఆ లెక్కకు అంతు ఉండదు, టెలిగ్రామ్ గ్రూపుల్లో దాని మీద రాత్రి రెండింటి దాకా నడుస్తుంది.

150 ప్రశ్నలూ ఒకే రోజు పెట్టుకోకండి. రోజుకు 25, ఆరు రోజులు. ప్రశ్నకు ఒక నిమిషం, అంటే అరగంటలో అయిపోవాలి. 25 అవగానే లేవండి, చేయగలిగినా సరే. రేపు కూర్చోబుద్ధి అయ్యేలా ఆపడం ఇక్కడ కావాల్సిన నేర్పు.

ఒక్కో ప్రశ్న పక్కన ఒక గుర్తు వేయండి:

తె – తెలిసి పెట్టాను, ఒప్పు.
గు – గుడ్డిగా పెట్టాను, ఒప్పయింది.
చ – అసలు చదవని అంశం.
మ – చదివాను, మర్చిపోయాను.
రెం – రెండు ఆప్షన్ల దాకా వచ్చి తప్పుదానికి పోయాను.
ప్ర – ప్రశ్నే సరిగా చదవలేదు ('సరికానిది ఏది' అన్నది చూసుకోకపోవడం లాంటివి).
బ – తెలిసినా బబ్లింగ్‌లో పోయింది, లేదా టైము చాలలేదు.

'గు' వేయడానికి చెయ్యి రాదు. మార్కు వచ్చేసింది కదా అనిపిస్తుంది. కానీ ఆ మార్కులు మీవి కావు, వచ్చేసారి అదే అదృష్టం ఉండకపోవచ్చు. వాటిని విడిగా లెక్కపెడితేనే అసలు బలం ఎంతో తేలుతుంది.

ఉదాహరణకు 150లో 78 ఒప్పు అనుకుందాం. అందులో 'గు' 19. తప్పులు 72: 'చ' 21, 'మ' 27, 'రెం' 16, 'ప్ర' 6, 'బ' 2. ఫలితం వచ్చిన రోజు ఈ అభ్యర్థి అనుకున్నది 'సిలబస్ కంప్లీట్ కాలేదు, అందుకే పోయింది' అని. కాగితం చెప్పేది వేరు: చదివి కూడా పోగొట్టుకున్నవి 51, చదవక పోయినవి 21. ఇతనికి కావాల్సింది ఉన్న నోట్సుకే రివిజన్, పుస్తకం మూసి బిట్స్ రాసే అలవాటు. కొత్త మెటీరియల్ కొంటే 'మ' ఇంకా పెరుగుతుంది. ఇదే 'చ' 50 ఉన్నవాళ్లకు సలహా తిరగబడుతుంది.

'రెం' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఒక ప్రశ్నలో ద్రవ్య బిల్లుపై మూడు వాక్యాలిచ్చారనుకోండి: ఏది ద్రవ్య బిల్లో స్పీకర్ నిర్ణయమే తుది, రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి, దీన్ని 117వ అధికరణ నిర్వచిస్తుంది. మొదటి రెండూ తెలుసు, మూడోదాని దగ్గర తడబడి మూడూ సరైనవేనని పెట్టారు. 'పాలిటీలో వీక్' అని రాసుకుంటే ఆ మాట ఎందుకూ పనికిరాదు. తడబడిన చోటు ఒక్కటే. నోట్‌బుక్‌లో ఒక వరస రాస్తే సరి: ద్రవ్య బిల్లు నిర్వచనం 110, ఆర్థిక బిల్లులు 117, బడ్జెట్ 112. ఇలా ఒక్కో 'రెం'కు ఒక్కో వరస వస్తుంది. పదహారు వరసలు ఒక పేజీలో సరిపోతాయి. మొత్తం పోయిందనిపించినది ఒక పేజీలోకి దిగడం చూస్తే మనసు సగం తేరుకుంటుంది, ఏ మోటివేషన్ వీడియో ఇంత పని చేయదు.

ఊహించి పెట్టడంలోనూ లెక్క ఉంది. ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్‌లో (అంటే ప్రిలిమ్స్‌లో) తప్పుకు మూడో వంతు మార్కు కోత ఉంటుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున లాభం సున్నా. ఒక ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగితే తొమ్మిది ప్రశ్నలకు సగటున ఒక మార్కు మిగులుతుంది. తెలంగాణలో 2024 గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో కోత లేదు, అలాంటి పేపర్లో ఒక్క బబుల్ ఖాళీగా వదిలినా నష్టమే. పోయిన మార్కుల్లో కొన్ని జ్ఞానానికి సంబంధించినవి కావు, ఈ లెక్క చూసుకోకపోవడం వల్ల పోయినవి.

తప్పు మీది కానప్పుడు

కొన్ని దెబ్బలకు పేపర్ విశ్లేషణ మందు కాదు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న జరిగి, ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ లాంటి నిబంధనలు పాటించలేదని హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఆఖరికి కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్ 9న జరిగింది. మొదటిసారి క్వాలిఫై అయి మూడోసారి కానివాళ్లకు 'నీ తప్పులు వెతుక్కో' అని చెప్పడం అన్యాయం.

ఇలాంటప్పుడు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మీ చేతిలో లేనివి: కోర్టు తేదీ, నోటిఫికేషన్, పోస్టుల సంఖ్య, నార్మలైజేషన్ (వేర్వేరు షిఫ్టుల మార్కులను సరిచేసే లెక్క). కుడివైపు మీ చేతిలో ఉన్నవి. ఎడమవైపు వాటికి వారంలో ఒక్కసారి, ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు కేటాయించండి. కమిషన్ వెబ్‌సైటు, ఒక పత్రిక, అంతే. కోపం రావడం సబబే, ఆందోళనకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి. రోజుకు ముప్పైసార్లు గ్రూపు తెరిచి 'అప్‌డేట్ ఏమైనా ఉందా' అని అడగడంతో మాత్రం ఏ కేసూ ముందుకు కదలదు.

పద్నాలుగు రోజులు

పేపర్ విప్పాక మళ్లీ కూర్చోవడం. ఇక్కడ 'రేపటి నుంచి బాగా చదువుతా' అనే మాట పనికిరాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏది అని మూడూ ముడివేసి రాయాలి: 'ఉదయం టీ తాగి గ్లాసు కడిగిపెట్టగానే, కిటికీ పక్క సీట్లో, నోట్‌బుక్‌లోని రెం పేజీ మొదటి ఐదు వరసలు, పది నిమిషాలు.' ఇలా ముందే ముడివేసుకున్నవాళ్లు అనుకున్న పని పూర్తిచేసే అవకాశం ఎక్కువని మానసిక శాస్త్రవేత్త పీటర్ గాల్విట్జర్ 1990ల నుంచి చేసిన ప్రయోగాల్లో తేలింది. కారణం సులువే: ఆ క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు, గ్లాసు కడగడమే గంట కొట్టినట్టు.

మొదటి మూడు రోజులు రోజుకు పది నిమిషాలే. నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా 25 నిమిషాల చొప్పున రెండు విడతలు. రెండో వారంలో నాలుగు విడతలు, వాటిలో ఒకటి పుస్తకం మూసి రాసే 30 బిట్స్. పద్నాలుగో రోజుకు రెండు గంటలు కుదిరితే అది మంచి ప్రగతి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచుకుంటే లాభం లేదు, లేచి వెళ్తే తప్ప అందని చోట ఉండాలి.

ఎక్కువగా చెడేది మూడు చోట్ల. మొదటిది పెద్ద టైంటేబుల్: 'ఉదయం 4 నుంచి రాత్రి 11' అని రంగు పెన్నులతో రాసిన కాగితం గోడకెక్కుతుంది, రెండో రోజు తప్పుతుంది, మూడో రోజు దాన్ని చూడడమే బాధ. రెండోది బాకీ తీర్చడం. నిన్న పోయిన విడతను ఇవాళ కలిపి చేయాలనుకుంటే భారం రెట్టింపై ఇవాళ్టిదీ పోతుంది. తప్పిన రోజు తప్పినట్టే, బాకీ రద్దు. అయితే వరసగా రెండో రోజు తప్పనివ్వకూడదు, జ్వరం వచ్చినా ఐదు వరసలు చదివి పడుకోండి. మూడోది, ఒక విడత పోగానే 'ఎలాగూ ఇవాళ పోయింది' అని రోజంతా వదిలేయడం. దానికి ముందే ఒక వాక్యం రాసిపెట్టుకోవాలి: 'ఉదయం పోతే, మెస్‌లో తిన్న వెంటనే, అదే సీట్లో పది నిమిషాలు.'

గంటలు లెక్కపెట్టకండి, కూర్చున్న విడతలు గోడ క్యాలెండర్‌లో గీతలుగా పెట్టండి. గ్రూప్ స్టడీ ఉంటే ఒక్క తోడు చాలు. పొద్దున 'కూర్చున్నా' అని, అయ్యాక 'లేచా' అని రెండు మెసేజ్‌లు. ఇద్దరూ దిగులుగా ఉండి కలిసి టీకి వెళ్లేవాళ్లయితే ఆ తోడు పనికిరాదు.

ఇవి ఉంటే ముందు డాక్టరు

రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, నిద్ర బాగా తగ్గడం లేదా పెరగడం, తిండి సహించకపోవడం, ఇదివరకు ఇష్టమైన క్రికెట్, సినిమా కూడా రుచించకపోవడం లాంటివి ఉంటే పై పద్ధతి ఒక్కటే చాలదు. ప్రభుత్వ జనరల్ హాస్పిటల్‌లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, వెళ్లండి. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఒంటరిగా రూములో ఉండొద్దు. పక్కనున్న మనిషికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రూమ్మేటు అలాంటి మాట అంటే జోకుగా తీసుకోవద్దు, సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు.

కొనసాగాలా, ఆపాలా

ఈ ప్రశ్న బుర్రలో రోజూ తిరుగుతుంటే ఏ విడతా సరిగా సాగదు. అందుకే దానికి ఒక తేదీ ఇచ్చి పక్కన పెట్టాలి. పద్నాలుగు రోజులు పూర్తయ్యాక, ఒక ఆదివారం పగటిపూట, నాలుగు అంకెలు ముందు పెట్టుకోండి: నోటిఫికేషన్‌లో ఉన్న వయోపరిమితికి మీకు మిగిలిన ఏళ్లు, నెలకు అయ్యే ఖర్చూ అది ఎవరి జేబులోంచి వస్తోందన్నదీ, 'గు' తీసేశాక మీ అసలు మార్కు, మీ కేటగిరీ కటాఫ్‌కు దానికి ఉన్న తేడా. ఇప్పటికే పెట్టిన మూడేళ్లు ఈ లెక్కలోకి రావు. అవి ఆపినా తిరిగిరావు, కొనసాగినా రావు. కోచింగ్ సెంటర్ వాళ్లను మాత్రం ఈ ప్రశ్న అడగొద్దు, వాళ్ల జవాబు ముందే తెలుసు.

తేడా ఎక్కువ భాగం 'మ', 'రెం'లలోంచి వచ్చి ఉంటే ఇంకో అటెంప్టుకు అర్థముంది. 'చ' ఎక్కువై డబ్బు తక్కువైతే ఉద్యోగం చూసుకుంటూ చదవడం మేలు. తెలంగాణ గ్రూప్-3లోని మూడు పేపర్లు గ్రూప్-2 మొదటి మూడింటికి చాలావరకు సరిపోతాయి, కాబట్టి ఒక్క పరీక్షకే కట్టుబడాల్సిన పని లేదు. కొనసాగితే ఎప్పటిదాకానో కూడా ఆ రోజే రాయండి: 'వచ్చే నోటిఫికేషన్ ఫలితం దాకా, ఆరో నెలలో మాక్ టెస్టుల సగటు ఇంతకు చేరకపోతే అప్పుడే మళ్లీ చూస్తా.' ఆ కాగితం ఇంట్లో ఒకరికి చూపించండి.

ఆపాలని తేలితే పుస్తకాలు ఆ వారమే జూనియర్లకు ఇచ్చేయడమో, సెకండ్ హ్యాండ్ షాపులో అమ్మేయడమో చేయండి. రెజ్యూమెలో ఆ ఏళ్లను ఖాళీగా వదలొద్దు. 'రాష్ట్ర సర్వీస్ పరీక్షలకు పూర్తికాలం ప్రిపరేషన్' అని సంవత్సరాలతో సహా రాయండి. ఇంటర్వ్యూలో అడిగితే ఏ పరీక్ష, ఏ దశ దాకా వెళ్లారు, ఇప్పుడు ఈ ఉద్యోగం ఎందుకు అన్నది మూడు వాక్యాల్లో చెప్పి ఆగండి. సంజాయిషీ మొదలుపెడితేనే అవతలివాళ్లు తవ్వుతారు.